సంబంధం లేని ఒక వాక్యం

మా పెదగెడ్డ మండల తహసీల్దారు కార్యాలయంలో కొత్త ఉత్తరం పుట్టగా నేను చూడలేదు. నేను సీనియర్ అసిస్టెంటుని, నాది ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. ఏ కాగితం కావాలన్నా పాత కాగితం ఒకటి తీస్తాం, పేరు మారుస్తాం, తేదీ మారుస్తాం, సంతకానికి పెడతాం. పూర్వం మా శాఖలో ఎవరో ఒకాయన సొంతంగా ఉత్తరం రాశాడని చెప్పుకుంటారు. అది చదివిన వెంటనే అర్థమైపోవడంతో పై అధికారులు కంగారుపడి, ఆయన్ని కొండమీది మండలానికి బదిలీ చేశారట.

కంప్యూటర్లు వచ్చాక ఈ పద్ధతి మరీ సుఖంగా తయారైంది. మా ఆపరేటర్ ధర్మవతి పాత ఉత్తరం తెరుస్తుంది. కావలసిన ముక్కను మౌసుతో గుర్తు పెట్టి కాపీ నొక్కుతుంది, కొత్త కాగితంలోకి వెళ్లి పేస్టు నొక్కుతుంది. నలభై ధ్రువపత్రాలు ఒక పూటలో లేచిపోతాయి. తహసీల్దారు కూర్మనాథం గారు సాయంత్రం కంప్యూటర్‌కి తన డిజిటల్ సంతకం తాళం గుచ్చి, నలభైకీ ఒకేసారి సంతకం పెట్టేస్తారు. చదవడం ఆయన పని కాదు. ఆ మాటకొస్తే ఎవరి పనీ కాదు.

జూన్ మొదటి వారంలో పైనుంచి కొత్త ఎడిటర్ వచ్చింది. ఎడిటర్ అంటే ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్. దాని ప్రారంభానికి జిల్లా కేంద్రంలో సభ పెట్టారు, కంప్యూటర్‌కి బొట్టు పెట్టారు, అందులో ఏ దోషమూ లేదని ముగ్గురు నిపుణుల చేత సంతకాలు చేయించారు. దాని అలవాట్ల గురించి మాత్రం మాకెవరూ చెప్పలేదు.

దానికొక అలవాటుంది. పాత ఎడిటర్‌లో ఏమీ గుర్తు పెట్టకుండా కాపీ నొక్కితే ఏమీ జరిగేది కాదు. కొత్తది అలా ఊరుకోదు. కర్సర్ ఏ వరుసలో మిణుకుమంటోందో ఆ వరుస మొత్తాన్ని మనల్ని అడక్కుండా తీసుకుపోతుంది. ఆ తరవాత మనం పేస్టు ఎక్కడ నొక్కితే అక్కడ దించుతుంది. ఇక మా మౌసు సంగతి చూస్తే, దాని ఎడమ మీట అరిగిపోయి చాలా కాలమైంది. గుర్తు పెట్టామనుకుంటాం, గుర్తు పడదు. జిల్లా అంతటికీ ఒకే లాటులో వచ్చిన మౌసులు గనక అన్ని ఆఫీసుల్లోనూ ఇదే వరస.

ఈ రెండూ కలిసి మొదట పడింది సూరాడ హేమలత మీద.

హేమలతది సముద్రం ఒడ్డున కొత్తరేవు. తల్లి అసిరమ్మ రొయ్యల షెడ్డులో రొయ్యలు వలుస్తుంది. పిల్లకి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు వచ్చేలా ఉంది. జూన్ ఇరవై ఏడు సాయంత్రం నాలుగింటిలోగా నివాస ధ్రువపత్రం చూపిస్తే సీటు తనది, లేకపోతే తరవాతి వాళ్లది. అసిరమ్మ నాలుగో తారీఖునే దరఖాస్తు పెట్టుకుంది, ఆరో తారీఖున కాగితం తీసుకుంది, ఏడో తారీఖున కాగితమూ పిల్లా రెండింటినీ వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

కాగితం తీసుకుని నేను చదివాను. సూరాడ హేమలత కొత్తరేవు గ్రామ శాశ్వత నివాసి అని మొదటి వరుసలో ఉంది. రెండో వరుసలో, "పైన తెలిపినది ప్రభుత్వ స్థలంలోకి రెండున్నర అడుగులు ముందుకు వచ్చి ఉన్నందున ఏడు రోజులలోగా తొలగించవలెను" అని ఉంది. అంతకు ముందు ధర్మవతి తెరిచిన ఉత్తరం ఒక కిరాణా కొట్టు అరుగు గురించిన నోటీసు.

"మా పిల్ల ఆక్రమణ అవడమేటి బాబూ?" అని అడిగింది అసిరమ్మ.

పొరపాటు దొర్లిందని, ఒక్క వరుస తీసేస్తే సరిపోతుందని నేను తహసీల్దారు గారికి మనవి చేశాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. ఆయన కళ్లజోడు సవరించుకున్నారంటే అవతలివాళ్ల పని ఇవాళ్టికి కాదని మా ఆఫీసులో అందరికీ తెలుసు.

"డిజిటల్ సంతకం పడిన పిమ్మట ప్రతి అక్షరమూ ప్రభుత్వానిది. తొలగించవలెనని మనమే ఉత్తర్వు ఇచ్చి, ఆ ఉత్తర్వునే తొలగించుట ఎట్లు? ముందు ఆక్రమణ ఉన్నదో లేదో విచారణ జరగవలెను" అన్నారు.

విచారణకి సర్వేయర్ గున్నయ్యని పంపారు. గున్నయ్య నెమ్మదస్తుడు, ఇచ్చిన పని చేసుకుపోతాడు. టేపు, నాలుగు రాళ్లు, గ్రామ పటం పట్టుకుని కొత్తరేవు వెళ్లి, హేమలతని వాకిట్లో నిలబెట్టి కొలిచాడు. నాలుగు వైపులా హద్దులు రాసుకున్నాడు. తూర్పున సముద్రం, పడమర వాళ్ల అమ్మ, ఉత్తరాన ఎండుచేపల పందిరి, దక్షిణాన చూడటానికొచ్చిన జనం. సరిగ్గా రాళ్లు పాతే సమయానికి ఆ పిల్ల పొయ్యి మీద అన్నం మాడిపోతోందని లోపలికి పరిగెత్తింది. గున్నయ్య తిరిగొచ్చి నివేదిక ఇచ్చాడు. "సదరు ఆక్రమణ కదులుచున్నందున హద్దులు నిర్ణయించుట సాధ్యపడలేదు."

కూర్మనాథం గారికి ఆ నివేదిక చాలా నచ్చింది. హద్దులు తేలేదాకా యథాతథ స్థితి కొనసాగించమని ఉత్తర్వు ఇచ్చారు. యథాతథ స్థితి అంటే, ఆక్రమణను ఉన్నచోటు నుంచి ఎవరూ కదిలించకూడదు. అంటే హేమలత కొత్తరేవు దాటి పాలిటెక్నిక్‌కి వెళ్లకూడదు. ఈ సంగతి చెప్పమని నన్నే పంపించారు. చెప్పాను. అసిరమ్మ నా మొహంలోకి చూసి, ఇది వేళాకోళం కాదని తేల్చుకుని, షెడ్డు బస్సు వెళ్లిపోతుందని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. అయితే మా సీట్లో కూర్చున్నవాళ్లకి సిగ్గేస్తే చేయవలసిన చర్య ఏమిటో నియమావళిలో ఎక్కడా లేదు.

వారం తిరిగేసరికి ఆఫీసు ముందు జనం నిండిపోయారు. ఒక హెడ్మాస్టరు గారి కుల ధ్రువపత్రంలో "ప్రతి శనివారం బ్లీచింగు చల్లవలెను" అని పడింది. ఆయన నియమానికి కట్టుబడే మనిషి, అప్పటికే రెండు శనివారాలు చల్లించుకున్నారు. పెళ్లి కుదిరిన ఒక లెక్చరర్ ఆదాయ ధ్రువపత్రంలో "మూత తెరిచి ఉంచినచో ప్రమాదం" అని పడితే, ఆడపిల్లవాళ్లు వచ్చి అతనికి ఏమైనా జబ్బుందా అని మమ్మల్ని వాకబు చేశారు. ధర్మవతి ఏడుపు మొహం పెట్టింది. నేను పక్కన కూర్చుని ఒక పూటంతా గమనించి, మౌసునూ ఎడిటర్‌నూ రెండింటినీ పట్టుకున్నాను. గుర్తు పెట్టకుండా మూడుసార్లు కాపీ నొక్కించి తహసీల్దారు గారి కళ్ల ముందే చూపించాను. మూడుసార్లూ వరుస మొత్తం వచ్చి కూర్చుంది. ఆయన నాలుగోసారి కూడా నొక్కించి చూసి, సంగతి డివిజన్ కార్యాలయానికి రాశారు.

మామూలుగా అక్కడి నుంచి జవాబు రావడానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఇది మూడో రోజునే వచ్చింది.

"నూతన ఎడిటర్ దోషరహితమని ఇదివరకే ధ్రువీకరింపబడి యున్నందున అందు దోషము కనబడుట సాధ్యము కాదు. కావున ధ్రువపత్రములలో కనబడుచున్న వాక్యములను ఇకపై అదనపు షరతు అని వ్యవహరించవలెను. ప్రతి ధ్రువపత్రమునందు ఒక అదనపు షరతు విధిగా ఉండవలెను. సదరు వాక్యము దరఖాస్తుతో ఏ విధమైన సంబంధమును కలిగి యుండరాదు. సంబంధమున్నచో ఎవరో కావలెనని వ్రాసినదిగా భావించి నకిలీగా పరిగణింపబడును. సంబంధము లేదని సీనియర్ అసిస్టెంటు విచారించి ధ్రువీకరించవలెను."

ఈ ఉత్తర్వు చదివి మొదట నేను నవ్వాను. తరవాత పక్క మండలంలో దొంగ ధ్రువపత్రాల ముఠా దొరికింది. ఎలా దొరికారంటే, పాపం వాళ్లు ఒక్క తప్పు లేకుండా, చక్కగా, అవసరమైన మాటలే రాసి అమ్మారు. అదనపు షరతు లేని కాగితం చూడగానే బ్యాంకువాళ్లు పట్టేశారు. డివిజన్ ఆఫీసు ముందుచూపుని అందరూ మెచ్చుకున్నారు. అప్పటి నుంచి కాలేజీలూ బ్యాంకులూ ధ్రువపత్రంలో పేరు చూడటం మానేసి ముందు అదనపు షరతు వెతకడం మొదలుపెట్టాయి. జనం కూడా అలవాటు పడిపోయారు. తమ కాగితంలో ఏం పడిందో టీ కొట్టు దగ్గర ఒకరికొకరు చూపించుకునేవారు. చిన్న వాక్యం పడినవాళ్లు మాకు పెద్దది కావాలని పైరవీలు కూడా చేశారు.

అసిరమ్మకి ఈ సంతోషం ఏమీ లేదు. ఆమె కాగితంలో పడిన షరతు మీద వచ్చిన ఉత్తర్వు ప్రకారం పిల్ల కదలకూడదు. నాలుగోసారి ఆఫీసుకి వచ్చినప్పుడు ఆమె నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. రొయ్య ముళ్లు గుచ్చుకుని వేళ్లన్నీ తెల్లగా నాని, చీరుకుపోయి ఉన్నాయి. "ఇరవై ఏడు దాటిపోతే నా పిల్ల కూడా షెడ్డుకే వచ్చీయాల బాబూ" అంది. ఆ వేళ్లు చూశాక నేను ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్లలేదు.

లేచి వెళ్లి ధర్మవతితో, పాత ఉత్తరం ఏదీ తెరవకుండా హేమలత ధ్రువపత్రం ఖాళీ కాగితం మీద మొదటి అక్షరం నుంచి టైపు చేయమన్నాను. ఆమె భయపడింది. అలా చేయొచ్చా అని అడిగింది. చేయకూడదని రాసినట్టు నాకు కనబడలేదని చెప్పాను. ఆమె టైపు చేసింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎన్నేళ్లుగా నివాసం, అంతే. పాతది రద్దు చేసి, కొత్తదాన్ని నలభై మూడు కాగితాల మధ్యలో దూర్చాం. తహసీల్దారు గారికి చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఉన్నందుకు నేను మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా ఆఫీసులో పుట్టిన మొదటి కొత్త కాగితం అది. నేను దాన్ని రెండుసార్లు చదువుకుని అసిరమ్మ చేతికిచ్చాను.

ఇరవై ఆరో తారీఖున తల్లీకూతుళ్లు పట్నం వెళ్లారు. ఇరవై ఏడో తారీఖు ఉదయం, ఆఫీసు తలుపులు తీసేసరికి మెట్ల మీద ఉన్నారు. కాగితాన్ని పరిశీలించే అధికారి దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడట, వెనక్కి తిప్పి చూశాడట. అదనపు షరతు ఎక్కడ అని అడిగాడట. లేదని వీళ్లు చెబితే, ఇంత శుభ్రంగా ఉన్న కాగితం ఏ తహసీల్దారు ఆఫీసూ ఇవ్వదని, ఇది నకిలీ అని, మర్నాడు సాయంత్రం నాలుగింటిలోగా అసలుది తెస్తే సరే, లేకపోతే పోలీసులకి ఇస్తానని చెప్పాడట. హేమలత ఈ మాటలన్నీ తడబడకుండా చెప్పింది.

పట్నం బస్సు పదకొండు నలభైకి. దారి రెండు గంటలు. దీనికేముంది, మా మౌసు ఉండగా సంబంధం లేని వాక్యానికి కరువా అనుకుని ధర్మవతిని కూర్చోబెట్టాను. ఆమె ఏమీ గుర్తు పెట్టకుండా కాపీ నొక్కింది, పేస్టు నొక్కింది. ఏమీ రాలేదు. ఇరవైసార్లు నొక్కింది. అప్పుడు తెలిసింది, రెండు రోజుల క్రితం ఎవరో ఇంజనీరు ఎక్కడినుంచో ఎడిటర్‌ని బాగుచేసి పంపించాడని. షరతు ఉండి తీరాలన్న ఉత్తర్వు అలాగే ఉంది, షరతు ఊడిపడే దారి మూసుకుపోయింది.

తహసీల్దారు గారికి విషయమంతా ఒప్పుకున్నాను. కోప్పడతారనుకున్నాను. కానీ సంతకం తనది గనక, నకిలీ కేసులో మొదటి పేరు కూడా తనదే అవుతుందని ఆయనకి వెంటనే తట్టింది. అప్పటికప్పుడు ఒక సంఘం వేశారు. అధ్యక్షులు ఆయన, సభ్యులు నేనూ గున్నయ్యా, రాసుకోవడానికి ధర్మవతి. సంఘం పని, దరఖాస్తుకి ఏ సంబంధమూ లేని వాక్యాన్ని ఒకదాన్ని నిర్ణయించడం. "హడావుడి పడరాదు. సంబంధము ఎక్కడైనను దాగి యుండవచ్చును" అని ఆయన హెచ్చరించారు.

గున్నయ్య ముందుగా, హద్దు రాళ్లకు సున్నం వేయవలెను అన్నాడు. నివాసం అన్నాక ఇల్లు, ఇల్లన్నాక హద్దు, కాబట్టి సంబంధం ఉందని తహసీల్దారు గారు కొట్టేశారు. ఆయనే, వర్షపాతం వివరాలు రోజూ ఎనిమిదింటికి పంపవలెను అన్నారు. వాన కొత్తరేవులో కూడా పడుతుందని నేను గుర్తుచేయవలసి వచ్చింది. నాకు చిరాకెత్తి, ఒంటెలను విడిచిపెట్టరాదు అన్నాను. మా మండలంలో ఒంటె అన్నది లేదు గదా అని నా ధైర్యం. గున్నయ్య కాసేపు ఆలోచించి, కిందటి కార్తీకంలో ఒకాయన కొత్తరేవు బీచికి ఒంటెని తెచ్చి పిల్లల్ని ఎక్కించాడని చెప్పాడు. హేమలత ఎక్కిందో లేదో విచారించవలసి ఉంటుందని అదీ కొట్టేశారు. నేను రెవెన్యూ శాఖలో ఇన్నేళ్లున్నాను గానీ, మావాళ్లకి సంబంధాలు కనిపెట్టే శక్తి ఇంత ఉందని ఆ రోజే తెలిసింది. ఆ శక్తి అంతకు ముందు ఎవరి పనికీ ఉపయోగపడగా చూడలేదు.

గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ధర్మవతి వేళ్లు కీబోర్డు మీద అలాగే ఉన్నాయి. హేమలత కిటికీ దగ్గర నిలబడి బస్సు వచ్చే దారి చూస్తోంది. అప్పుడు గుమ్మంలో ఉన్న అసిరమ్మ లోపలికి వచ్చింది. మా అనుమతి అడగలేదు. గొంతు పెంచలేదు.

"నాకు మీ మాటలు తెలవ్వు బాబూ. నా పిల్ల రొయ్యల షెడ్డులో నా పక్కనే బుట్ట బోర్లించి, దాని మీద పుస్తకం ఎట్టుకుని సదివినాది. సేతులు కంపు కొడతాయని బళ్లో దాని పక్కన ఎవులూ కూకోలేదు. అయినా సదివినాది. మా ఇంట్లో ఇంతమట్టుకు సదివినోలు ఇంకెవులూ లేరు. ఇంతకన్నా నాకేటీ తెల్దు."

గున్నయ్య కళ్లు దించుకున్నాడు.

కూర్మనాథం గారు మాత్రం దరఖాస్తు ఫారం దగ్గరికి లాక్కున్నారు. అందులో పదకొండు గడులున్నాయి. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఇంటి నంబరు, ఇలా ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి, ఆమె చెప్పినదానితో పోల్చి చూసుకుంటూ కిందికి వచ్చారు. పదకొండో గడి దాటాక ఆయన మొహం వెలిగింది.

"ఇందులో ఏ గడికీ రాదు. ఈ బాలిక చదువుకొనుటకును, ఈ దరఖాస్తుకును, మన కార్యాలయమునకును ఎట్టి సంబంధమూ కనబడుట లేదు. ఇది నిఖార్సయిన అదనపు షరతు" అన్నారు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ధర్మవతి కళ్లు తుడుచుకుని టైపు చేసింది. నేను నోటితో చెబుతూ ఆఫీసు భాషలోకి మార్చాను. "సదరు బాలిక రొయ్యల షెడ్డులో తల్లి పక్కన కూర్చుని చదువుకున్నది. ఆ ఇంట్లో ఇంతవరకు చదివినవారు మరొకరు లేరు." తహసీల్దారు గారు తాళం గుచ్చారు. బస్సు అప్పటికే కదిలింది. నేను ఫైలు చేత్తో పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడితే డ్రైవరు తిట్టి ఆపాడు. తల్లీకూతుళ్లు ఎక్కారు.

మూడూ నలభైకి హేమలత ఫోన్ చేసింది. అధికారి ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివాడట. దీనికీ దీనికీ ఏం సంబంధం అని తనలో తను అనుకుని, ఏమీ లేదని తేల్చుకుని, ఇది అసలు కాగితమేనని ముద్ర కొట్టాడట. సీటు ఖాయమైంది. ధర్మవతి ఆ సంతోషంలో మౌసుని ఒక దెబ్బ వేసింది.

మర్నాడు మూయడానికి ఆ ఫైలు నా దగ్గరికి వచ్చింది. ఉత్తర్వు ప్రకారం ఇంకొక్క కాగితం బాకీ ఉంది, అది నేను ఇవ్వవలసింది. పాత నమూనా లేదు గనక చేత్తోనే రాశాను. "సూరాడ హేమలత చదువుకున్న విధమునకును ఈ ఫైలునకును ఏ విధమైన సంబంధమూ లేదని విచారించి ధ్రువీకరించడమైనది." చదవకుండా పెట్టిన సంతకాల్లో ఎన్ని అబద్ధాలు పోయాయో నాకు తెలియదు. చదివి, తెలిసి, కలం పట్టుకున్నది మాత్రం దీనికే.

అసిరమ్మ అప్పుడే షెడ్డుకి వెళుతూ దారిలో దిగి, సీటు వచ్చిన సంగతి మళ్లీ ఒకసారి తన నోటితో చెప్పడానికి వచ్చింది. చెప్పింది. వెళ్లకుండా బల్ల దగ్గర నిలబడి, కాగితం మీద నా చేతినే చూస్తూ ఉంది. ఆమెకి చదవడం రాదు.

"మా పిల్ల కోసమేనా బాబూ రాస్తన్నారు?"

అవునమ్మా అన్నాను.

"మంచిగా రాయండి" అంది.

మంచిగానే రాశానని చెప్పి, కింద సంతకం పెట్టాను.